పంజాబీ పథ్యం

ఆ రోజుల్లో నాకు దయ్యమన్నా, జీతమిచ్చే కఫీల్ అన్నా భయం లేదు (కఫీల్ అంటే కాస్త ఉందనుకోండి). షుగర్ అంటే మాత్రం పైప్రాణాలు పైనే పోయేవి. సౌదీలోని అల్ ఖర్జ్ డెయిరీలో పాలు పితికే మిషన్లు బాగుచేసే పని నాది. కంపెనీ వాళ్లు రక్తపరీక్ష చేయించి, "షుగర్ గీత దాకా వచ్చింది, మూడు నెలలాగి మళ్లీ చూస్తాం" అన్నారు. షుగరొస్తే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారని క్యాంపులో చెప్పుకునేవారు. పెళ్లయి ఏడాది తిరగని నాకు ఆ ఉద్యోగమే దిక్కు. బాత్రూములో చీమ కనబడితే చాలు, ఒళ్లంతా చెమటలు పట్టేవి.

మా గదిలోని పాకిస్తానీ పంజాబీ డ్రైవరుకూ అదే మాట చెప్పారు (చెంబుల కొద్దీ తాగుతాడని అతన్ని లస్సీ భాయ్ అనేవాళ్లం). క్యాంపులో పంజాబీలు ఎక్కువని, షుగర్ మీద వాళ్ల భాషలోనే ఒక మీటింగ్ పెట్టారు. నేనూ పోయి ముందు వరసలో కూర్చున్నాను. నాకొచ్చిన హిందీతో సగం అర్థమైంది: రొట్టెలు తగ్గించాలి, పరాఠాలు, లస్సీ మానాలి. అన్నం ఊసే ఎత్తలేదు! ఆ పూట నుంచి రొట్టె ముట్టలేదు, మెస్సులో దానికి బదులు ఇంకో రెండు గరిటెల అన్నం పెట్టించుకున్నాను. శనివారం ఒక్కపొద్దుండి, రాత్రి అన్నం మాని చపాతీ తినడం కడపలో మా ఇంటి ఆచారం. స్వామికి లెంపలేసుకుని ఆ రోజు కూడా అన్నమే తిన్నాను.

మళ్లీ పరీక్ష చేస్తే లస్సీ భాయ్ షుగర్ దిగింది, నాది ఎక్కింది! క్లినిక్‌లో భీమవరం నర్సు ఒకావిడ ఉండేది. ఏడుపొక్కటే తక్కువగా ఆవిడ ముందు నిలబడ్డాను.

"రొట్టె తుంచి నోట్లో పెట్టింటే ఒట్టక్కా! నన్ను ఎగ్జిట్ కొడతారా?"

"ఎవరూ కొట్టర్లే గానీ, అన్నం ఎంత తింటున్నావ్ తమ్ముడూ?"

"అన్నమా? కడుపు నిండా తింటాండా. దాని గురించి వాళ్లేం చెప్పలేదే!"

ఆవిడ నుదురు కొట్టుకుంది. "ఓరి నాయనో! వాళ్లు చెప్పింది వాళ్ల కంచం గురించయ్యా, నీ కంచం గురించి కాదు. ఇకనుంచి అన్నంలో పప్పు కాదు, పప్పులో అన్నం కలుపుకో. ఆకుకూర ఎక్కువ తిను. టీలో పంచదార మానెయ్. తిన్నాక నడుం వాల్చకుండా కాస్త నడు."

అలాగే చేశాను. తర్వాతి పరీక్షలో షుగర్ దిగింది, ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు నాకు నలభై దాటాయి, షుగర్ ఇంకా రాలేదు. అయినా ఏటా రక్తం ఇచ్చి కూర్చున్నప్పుడు గుండె దడదడలాడుతూనే ఉంటుంది. దాంతోపాటు నవ్వూ వస్తుంది. నేను ధైర్యవంతుణ్ణయి ఉంటే ఆ మీటింగుకే పోయేవాణ్ణి కాదు, ఆ అక్క ముందు నిలబడేవాణ్ణీ కాదు. ఆ పిరికి కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకు ముద్దొస్తాడు.