ముక్కు మామతో మూడు బార్లు

ఆ రోజుల్లో మా వైపు మనిషికి తాగాలని బుద్ధి పుడితే ముందు రైళ్ల వేళలు చూసుకోవాల్సి వచ్చేది. మాకు మద్యనిషేధం. హిందూపురం దాటి, మైసూరు రాష్ట్రంలో పడి, బెంగుళూరు దాకా పోతేగానీ చట్టానికి భయపడకుండా ఒక గ్లాసు ముందు కూర్చునే యోగం లేదు. మొన్న మా చెల్లెలి మనవడు నా ఎదురుగానే సోఫాలో వెల్లకిలా పడుకుని, ఫోనులో చుక్కలు లెక్కపెడుతూ, "దీనికి నాలుగు స్టార్లే తాతా, పాటలు బాగుండవంట" అని ఒక బారును వేలితో పక్కకు తోసేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పడుకుని బారు ఎంచుకుంటాడా వీడు! వాడి మీద కాదు నా కోపం (కొంచెం వాడి మీద కూడా). మంచి బారు ఎంచడం అనే మాట చెవిన పడితే చాలు, అరవై ఏళ్ల కిందటి ఒక ముక్కూ, ఒక చెయ్యీ, నా మొదటి టెరిలిన్ ప్యాంటూ గుర్తొచ్చి నాకు ఇప్పటికీ పళ్లు పటపటలాడతాయి.

ముక్కు మామ మా అమ్మకు దూరపు తమ్ముడు. ఉండేది ధర్మవరంలో. నిషేధం అమలు చేసే జవానుగా ఇరవై ఏళ్లు ఉద్యోగం చేసి, అప్పుడే రిటైరయ్యాడు. ముదిగుబ్బ వైపు ఈతచెట్ల కింద ఎవరైనా సారాకుండ పాతిపెడితే, ఈయన గట్టు మీద నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, కర్రతో నేలను చూపించి "ఈడ తవ్వండి" అనేవాడట. తవ్వితే కుండ ఉండేదట. దాన్ని ఎత్తి, ఒక్కసారి వాసన చూసి, అక్కడికక్కడే నేల మీద పారబోయడం ఆయన పని. వాసన చూడటం, వంచడం. ఇరవై ఏళ్లూ అదే. ఒకసారి మా ఇంటికొచ్చి, మాటల సందున, మా అవ్వ కడుపునొప్పికి కాచి పెట్టుకున్న వాము కషాయాన్ని వాసన చూసి గడప అవతల పారబోశాడు. అవ్వ చీపురు తీసుకుని లేచింది. "తప్పయిపాయత్తా, చెయ్యి ఊరికే ఉండల్యా" అని ఆయన రెండు చేతులూ జోడించాడు. ఆ రోజే నేను జాగ్రత్త పడాల్సింది. పడలేదు. ఆ కోపం నా మీద నాకు.

నేనప్పుడు పెనుకొండలో ఒక సర్కారు ఆఫీసులో టెంపరరీ తపాలు గుమాస్తాను. బయటి నుంచి వచ్చిన ప్రతి కాగితం మీదా పైమూలన తేదీ వేసి, పొట్టి సంతకం గీకి, ఏ గుమాస్తాది ఆ గుమాస్తా బల్ల మీద పడేయడం నా పని. ఉద్యోగం ఖాయం చేసే ఫైలు పైఅధికారి దగ్గర ఉంది. ఒక్క మచ్చ పడితే మా నాయన చేలో శెనక్కాయలు పీక్కోవాల్సిందే. అంత పిరికి బతుకు బతుకుతూ కూడా, రూములో తోటి గుమాస్తాల ముందు నేను కోసిన కోతలకు అంతులేదు. బెంగుళూరంటే నా అరచేయి అన్నాను. (చూసింది రెండుసార్లు. ఒకసారి నాయన కళ్ల ఆస్పత్రికి తోడు, ఒకసారి పరీక్షకు. రెండుసార్లూ ఇడ్లీ తిని వచ్చేశాను.) ఆ కోతలు ధర్మవరం దాకా పోయాయి. ఒక ఆదివారం ముక్కు మామ పెనుకొండలో నా రూముకు వచ్చి, తలుపు దగ్గరగా వేసి, చాప మీద కూర్చున్నాడు.

"ఏమబ్బీ, బెంగుళూరు నీకు బాగా తెలుసంట గదా?"

"తెలీకేం మామా."

"మంచి బార్లు యాడుండాయో తెలుసునా?"

నేను నవ్వుతానేమోనని ఆయన నా మొహమే చూస్తున్నాడు. నవ్వలేదు. నవ్వలేనంత ఆశ్చర్యపోయాను. ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. "ఇరవై ఏండ్లు పారబోసినానప్పా. కూలోళ్లది, నేసేటోళ్లది, ముసిలోళ్లది. ఆడోళ్లు మన్ను ఎత్తి నా నెత్తిన పోసినారు. 'నీ చెయ్యి పడిపోను' అని తిట్టినారు. ఒక్క చుక్క నా నాలిక మీద పడింది ల్యా. దాంట్లో ఏముండాదని అంతగా తిట్టినారో ఒక్కసారి తెలుసుకోవల్ల. దొంగతనంగా కాదు. లైసెన్సు ఉండే చోట, మంచి చోట, కుర్చీలో కూసోని. ఒక్క గ్లాసు. నువ్వు తోడు రా."

నాకు జాలి వేసింది. జాలితో పాటు, నేనూ అంతవరకు చుక్క ఎరగనివాణ్ణే గనక, ఖర్చు ఆయనదే గనక, ఉత్సాహం కూడా వచ్చింది. ఇక బార్లు ఎంచే పని పడింది. దానికి మా ధర్మవరం బావను పట్టుకున్నాను. వాడు పట్టుచీరల మూటలతో నెలకు రెండుసార్లు బెంగుళూరు పోయివచ్చేవాడు. చీర మడతలో పెట్టే అట్ట మీద మూడు బార్ల గుర్తులు రాసిచ్చాడు. మొదటిదాంట్లో కుర్చీలు మెత్తగా ఉంటాయని, రెండోదాంట్లో వేయించిన శెనక్కాయలు ఊరికే ఇస్తారని, మూడోది మేడ మీద ఉంటుందని, దొరలు కూడా వచ్చేవారని. నేను ఆ అట్టను శుభలేఖలా జేబులో దాచుకున్నాను. (వాడు వాటిలో ఒక్కదాంట్లోనూ అడుగు పెట్టలేదని, జట్కాలో పోతూ బోర్డులు చూసి రాశాడని తరువాత తెలిసింది. వాడితో రెండేళ్లు మాట్లాడలేదు.)

ఒక శనివారం ఆయన ధర్మవరంలో ఎక్కిన ప్యాసింజరుకే నేను పెనుకొండలో ఎక్కాను. నేను కొత్తగా కుట్టించిన టెరిలిన్ ప్యాంటు వేసుకున్నాను. ఆయన తెల్ల పంచె, తెల్ల చొక్కా, తల మీద రుమాలు. గుడికి పోయేవాడిలా తలంటు పోసుకుని వచ్చాడు. దారి పొడవునా ఒక్కటే మాట. "మంచిదేనా అబ్బీ? ఒక్కసారి తాగేది. మంచి చోటే అయ్యుండల్ల."

బెంగుళూరులో దిగాక, దీపాలు పెట్టే వేళకు మెజస్టిక్ దగ్గర మొదటి బారు దొరికింది. బావ చెప్పినట్టు కుర్చీలు మెత్తగానే ఉన్నాయి. నేను కూర్చున్నాను. మామ కూర్చోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, గోడలన్నీ చూసుకుంటూ నాలుగు మూలలూ తిరిగాడు. గల్లా దగ్గర ఆగి, "లైసెన్సు యాడ?" అన్నాడు. అంతే. ఇరవై ఏళ్లు తనిఖీ చేసిన గొంతు అది, యజమాని ముఖం పాలిపోయింది. ఎవరో మారువేషంలో వచ్చిన ఆఫీసరనుకున్నాడు. లైసెన్సు ఇంట్లో ఉందన్నాడు, రేపు చూపిస్తానన్నాడు, మామకు ఒక సోడా కొట్టి ఇచ్చాడు, తాగుతున్నవాళ్లను బతిమాలి లేపాడు, మేము చూస్తుండగానే సగం తలుపులు మూసేశాడు. "లైసెన్సు ల్యాకుండా నడుపుతాండారు. ఇది మంచిది కాదబ్బీ" అన్నాడు మామ బయటికొచ్చి, తృప్తిగా.

రెండోదాంట్లోకి ఆయన అడుగే పెట్టలేదు. గుమ్మంలో నిలబడి, తల పైకెత్తి, ముక్కు పుటాలు ఎగరేశాడు. "నీళ్లు కలిపినారు. దాంతో పాటు ఇంకేమో కలిపినారు" అన్నాడు. లోపల శెనక్కాయలు వేయించిన కమ్మని వాసన వస్తోంది. నాకు మధ్యాహ్నం నుంచి తిండి లేదు. "మామా, మనం పట్టుకోనీకి రాల్యా, తాగనీకి వచ్చినాం!" అని నడిరోడ్డు మీద అరిచాను. ఆయన నా వైపు చూసిన చూపు చూస్తే, అరిచినందుకు సిగ్గేసింది. "కోపం చేసుకోవద్దప్పా. ఒక్కసారి తాగేది గదా" అన్నాడు.

మూడోది నిజంగానే మేడ మీద ఉంది. గోడకు లైసెన్సు అద్దం కట్టించి, దేవుడి పటం పక్కన వేలాడదీసి, రెండింటికీ కలిపి ఒకే పూలదండ వేశారు. మామ దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి, తల ఊపి, రుమాలు విప్పి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. తెల్లకోటు మనిషి వచ్చి రెండు గ్లాసుల్లో బ్రాందీ పోసి పోయాడు. మామ కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి, ఏ దేవుడికి ఏం చెప్పుకున్నాడో. గ్లాసు ఎత్తాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"అసలైన సరుకు" అన్నాడు.

ఆ మాట నోట్లో ఉండగానే ఆయన చెయ్యి పక్కకు తిరిగి, గ్లాసును నేల మీద వంచేసింది. నేను నోరు తెరిచేలోపు అదే చెయ్యి నా గ్లాసునూ ఎత్తింది, ముక్కుకు చూపించింది, వంచింది. ఈసారి నేల అందలేదు. నా ప్యాంటు అందింది. మోకాళ్ల నుంచి మడమల దాకా, కొత్త టెరిలిన్ మీద, మంచి బారులోని అసలైన సరుకు.

తెల్లకోటు మనిషి "ఏను స్వామీ ఇదు!" అని, ఇదేం పనని కన్నడంలో అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. పక్క బల్లల వాళ్లు లేచారు. చిందిన బ్రాందీని చూసి ఒక పెద్దమనిషి నిజంగా కన్నీళ్లు పెట్టుకున్నాడు. మమ్మల్ని మెట్ల దాకా సాగనంపారు (సాగనంపడం అనేది నా మర్యాద కొద్దీ రాస్తున్న మాట). మామ తన కుడిచేతిని ముందుకు పెట్టుకుని, పరాయివాడి చెయ్యిని చూసినట్టు చూసుకుంటూ మెట్లు దిగాడు. మళ్లీ ఇంకో చోటికి పోదామని నేనూ అనలేదు, ఆయనా అనలేదు.

స్టేషనులో నా కోపం కట్టలు తెంచుకుంది. అనరాని మాటలన్నాను. "ఊరోళ్ల నోటికాడిది ఇరవై ఏండ్లు పారబోసినావు. ఈ పొద్దు నాది కూడా పారబోసినావు. వాళ్లు తిట్టినారంటే తిట్టరా మరి?" అన్నాను. ఆయన బండెక్కి, పెట్టెలో నాకు దూరంగా, కిటికీ దగ్గర పోయి కూర్చున్నాడు. అన్న మరుక్షణమే ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. కానీ ప్యాంటు ఒంటికి అంటుకుని చల్లగా ఉంది, కోపం తగ్గలేదు.

తెల్లవారుతుండగా హిందూపురం వచ్చింది. మా రాష్ట్రంలో మొదటి పెద్ద స్టేషను అది. బెంగుళూరు బండి వస్తే నిషేధం జవాన్లు పెట్టెపెట్టెకూ ఎక్కి సంచులు వెతికేవాళ్లు, అనుమానమొస్తే నోళ్లు వాసన చూసేవాళ్లు. నన్ను వాళ్లు వెతకనక్కర్లేదు. పెట్టె అంతా నేనే గుబాళిస్తున్నాను. ఇద్దరు జవాన్లు నా చెరో రెక్కా పట్టుకుని దించేశారు. ఏం ఉద్యోగమని అడిగారు. చెప్పగానే, "సర్కారు గుమాస్తానా! ఇంకేం, కేసు గట్టిది" అని నవ్వుకున్నారు.  పైఅధికారి బల్ల మీది ఫైలు కనబడింది, నాయన చేను కనబడింది. బండి కూత వేసింది. మామ కిటికీలోంచి చూస్తున్నాడు. ఆయనను ఆ మాట అన్న నోటితో ఇప్పుడు ఎలా పిలవను? ఆయన పిలుపు కోసం చూడలేదు. సంచి భుజానికి తగిలించుకుని, కదులుతున్న బండిలోంచి దిగాడు.

జవాన్లు ఆయనను చూసి బిర్రుగా నిలబడి సలాం కొట్టారు. ఇద్దరూ ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లే.

"నోరు ఊదు" అన్నాడు మామ నాతో. ఊదాను. నిదానంగా, కేసు చూసినట్టే చూశాడు. "ఈ పిల్లోడు తాగల్యా. ఆకలి వాసన తప్ప నోట్లో ఏమీ ల్యా. తాగింది ప్యాంటు. రాస్తే దాని మీద రాసుకోండి."

ఆ ముక్కు మాటంటే వాళ్లకు వేదం. నా రెక్కలు వదిలేశారు. కానీ చిన్న జవాను ఊరుకోలేదు. "ప్యాంటు మీద ఎట్ల పడింది సార్?" అన్నాడు.

మామ ఏ అబద్ధమైనా చెప్పొచ్చు. రైల్లో ఎవడో పోశాడంటే సరిపోయేది. ఇరవై ఏళ్లుగా ఆ శాఖలో అంత మచ్చలేని పేరు ఇంకొకరికి లేదు. అదే ఆయనకున్న ఆస్తి. ఆయన సంచి తీసి కింద పెట్టాడు.

"నేనే పోసినా. బెంగుళూరు బారులో. తాగల్లని పోయినాను. గ్లాసు చేతికొచ్చినంక పారబోసినా, నాదీ వీనిదీ. నేను రిటైరైనా, చెయ్యి రిటైరు కాల్యాదప్పా."

వాళ్లిద్దరూ ముఖాలు చూసుకున్నారు. తరువాత పగలబడి నవ్వారు. ముక్కు సారు తాగడానికి పోవడమా! ఒక్క ముక్క నమ్మలేదు. రిటైరయ్యాక కూడా సొంత ఖర్చుతో బెంగుళూరు పోయి, పరాయి రాష్ట్రం బారులోకి దూరి, సరుకు పారబోసి వచ్చాడని వాళ్లు కట్టిన కథ, మేము బస్సు పట్టుకుని పెనుకొండ చేరేలోపే ఊరంతా పాకింది. ఆయన ఎదురొచ్చిన ప్రతివాడికీ నిజం చెప్పాడు. చెప్పేకొద్దీ ఆయన గొప్పవాడైపోయాడు. నేను మాత్రం ప్యాంటుతో బ్రాందీ తాగినవాడిగా మిగిలాను. ఉద్యోగం ఖాయమైంది. ప్యాంటు వాసన నాలుగు ఉతుకులకు గానీ పోలేదు.

స్టేషనులో అన్న మాటకు నేనాయనను క్షమించమని అడగలేదు. అడగాలని ప్రతిసారీ అనుకునేవాణ్ణి, ఆయన ముందే "ఏమబ్బీ, ప్యాంటు బాగుండాదా?" అని నవ్వేసేవాడు. కొన్నేళ్లకు నిషేధం ఎత్తేశారు. ధర్మవరంలో ఆయన వీధి మలుపులోనే బ్రాందీ షాపు పెట్టారు. రా మామా, ఈసారి నేను తాగిస్తానన్నాను. "వద్దప్పా. ఈ చేతి మీద నాకు నమ్మకం ల్యా" అన్నాడు. తాగకుండానే పోయాడు. అదొకటి నాకు ఇప్పటికీ కోపం. ఎవరి మీదో తెలియదు.

నిన్న ఆ మనవడే నన్ను హిందూపురంలో ఒక ఏసీ బారుకు లాక్కుపోయాడు (నాలుగున్నర చుక్కలట). కుర్రాడెవడో వచ్చి ఏమేం దొరుకుతాయో రాసిన అట్ట ఒకటి నా చేతిలో పెట్టాడు. నేను గోడ మీద లైసెన్సు ఎక్కడుందా అని వెతుకుతున్నాను. ఇంతలో మనవడు కిసుక్కుమన్నాడు. "తాతా, ఏం చేస్తాండావు?"

కిందికి చూసుకున్నాను. ఆ అట్ట పైమూలన, నా పెన్నుతో, ఆ రోజు తేదీ. దాని కింద నా పొట్టి సంతకం.

అరికాలి మంట నెత్తికెక్కింది. "నవ్వొద్దురా గాడిదా! నేను రిటైరై పాతికేళ్లు దాటింది గానీ..." అని మొదలుపెట్టి, ఆ మిగతా మాట నాది కాదని గుర్తొచ్చి ఆగిపోయాను. గ్లాసు వచ్చింది. ముందు వాసన చూశాను. అసలైన సరుకే. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని తాగాను.