నీలి లైటు కింద పెళ్లిచూపులు

జయశ్రీ చెప్పిన మాటను సగానికి కోసుకుని వినాలని చిక్కడపల్లిలో అందరికీ తెలుసు. తెలిసి కూడా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో, జిరాక్స్ షాపు పైన, ఒక కిరాయి గదిలో 'జయ కల్యాణ వేదిక' అని బోర్డు పెట్టి ఇరవై ఏళ్లకు పైగా ఆమె పెళ్లి సంబంధాలు కుదురుస్తోంది. పొట్టివాడు ఆమె చేతిలో పడ్డాడంటే మధ్యస్థంగా ఉంటాడు. నోరున్న పిల్ల చలాకీ పిల్ల అవుతుంది. అశోక్ నగర్ హాస్టల్లో ఏళ్ల తరబడి గ్రూప్స్ రాస్తున్నవాడు రేపో మాపో ఆఫీసర్ అయిపోతాడు. ఎవరైనా నిలదీస్తే ఏమాత్రం తడుముకోకుండా, "అబద్ధం ఆడ్తలేను, జర ఇస్త్రీ చేస్తున్న. నలిగిన అంగీ ఏసుకొని ఎవరన్న పెండ్లికి పోతరా?" అనేది.

అలాంటి జయశ్రీకి ఈమధ్య గాలి ఎదురు తిరిగింది. పిల్లలు ఫోన్లోనే సంబంధాలు చూసుకుంటున్నారు. వానలు మొదలైనప్పటి నుంచి ఆమె చేతి మీద ఒక్క పెళ్లి కూడా జరగలేదు. భర్త కిషన్ రావు కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, ఎక్కువ మాట్లాడడు. ఆయనే ఒకరోజు నోరు తెరిచాడు. "ఈ నవత సంబంధం గూడ తప్పిపోతే ఇగ గది ఖాళీ చేద్దాం జయా."

జయశ్రీ సరేనంది గానీ ఆ రోజు అన్నం సహించలేదు. ఇంట్లో ఆమె కిషన్ రావు గారి భార్య, ఒకరికి కోడలు, ఇంకొకరికి పెద్దమ్మ. ఆ గదిలో మాత్రమే జయశ్రీ గారు. ఆ గది పోతే తను ఏమైపోతానో ఆమెకు తెలియలేదు, నిజంగానే భయం వేసింది.

నవత నారాయణగూడలో ఒక బ్యాంకులో పనిచేస్తుంది. అబ్బాయి శ్రీనాథ్‌ది అంబర్‌పేట్. పెళ్లిచూపులు గదిలోనే ఏర్పాటు చేద్దామని జయశ్రీ ఉద్దేశం. అయితే గది చూస్తే కళ తప్పి ఉంది. వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చోగానే ఫోన్లు తీస్తున్నారు. వాళ్ల చూపు కాసేపు కట్టిపడేసేది ఒకటి కావాలి. అప్పుడు ఆమె ఫోన్లో ఏదో అమ్మకం ప్రకటనలో ఒక ఫోటో కనపడింది. గాజు తొట్టిలో, రాతి మీద, ఆకుపచ్చగా గులాబీగా మెరిసిపోతూ ఒక సముద్రపు పువ్వు. కింద, ఇది పువ్వు కాదు, ప్రాణమున్న జీవి, ఎనిమోన్ అంటారు, చాలా అరుదు, చారల చేప దాని రేకుల మధ్య కాపురం ఉంటుంది అని రాసి ఉంది. కాపురం అన్న మాట చూశాక ఇక జయశ్రీని ఆపేవాళ్లు లేరు.

అమ్మే అతని పేరు ఫణికిరణ్. ఉండేది హైదర్‌గూడలో. జయశ్రీ ఆషామాషీ మనిషి కాదు, పూర్తి విచారణ చేసింది. అబ్బాయికి సొంత ఫ్లాటు ఉంది. తాగడు. అక్కకు పెళ్లయింది, మంచి ఇంట్లో పడింది. తల్లి వైపువాళ్లు నల్లగొండలో పేరున్నవాళ్లు. అన్నీ కనుక్కుని సంతృప్తి పడింది. ఆ జీవి ఎన్నాళ్ల నుంచి అతని దగ్గర ఉంది, ఏం తింటుంది, ఏ నీళ్లలో బతుకుతుంది అని మాత్రం ఒక్క ముక్క అడగలేదు.

"గ్యారంటీ ఏమన్న ఇస్తవా బాబూ?" అని చివర్లో అడిగింది.

"పానమున్న దానికి గ్యారంటీ ఎట్ల ఇస్తం మేడం?" అన్నాడు ఫణికిరణ్.

ఆ మాట జయశ్రీకి చాలా సబబుగా తోచింది. ఆడపిల్లల తల్లులు అడిగినప్పుడల్లా తనూ అదే చెబుతుంది. ముప్పై ఎనిమిది వేలు ఇచ్చేసింది. తొట్టి, పంపు, డబ్బాలో వచ్చే సముద్రపు ఉప్పు, రెండు చారల చేపలు వేరే. ఆ ముప్పై ఎనిమిది వేలు తులం బంగారం కోసం ఆమె దాచుకున్న సొమ్ములోవి. మొగుడికి మాత్రం మూడు వేల ఎనిమిది వందలని చెప్పింది, ఒక్క సున్నాకే ఇస్త్రీ చేసి.

నీళ్ల సంచి విప్పి తొట్టిలో వదిలాక, ట్యూబ్‌లైటు వెలుగులో చూస్తే నానబెట్టిన చింతపండు ముద్ద కనపడింది. మెరుపూ లేదు, గులాబీ లేదు. జయశ్రీ వెంటనే ఫోన్ చేసింది.

"ఫోటోల బ్లూ లైట్ ఉంటది మేడం. అందరు గట్లనే తీస్తరు," అన్నాడు ఫణికిరణ్ నెమ్మదిగా.

తిట్టబోయిన జయశ్రీ ఆగిపోయింది. నిన్ననే కింది షాపులో నవత ఫోటోకు రంగు తేల్చి, బుగ్గ మీది మచ్చ తీయించి అంబర్‌పేట్‌కు పంపింది. ఏ మొహంతో తగాదా పడుతుంది? చప్పుడు చేయకుండా బ్లూ లైటు కూడా కొనుక్కుంది.

ఆ తర్వాత మొదలయ్యాయి తిప్పలు. మొక్కలాగా పెట్టినచోట ఉంటుందనుకున్నది కాస్తా నడవడం మొదలుపెట్టింది. పొద్దున రాతి మీద ఉంటే సాయంత్రానికి అద్దం మీద ఉండేది. చారల చేపలు దాని వైపు కన్నెత్తి చూడలేదు. రెండూ పోయి పంపు వెనక కాపురం పెట్టాయి. వందల జంటలను కలిపిన జయశ్రీ గంటల తరబడి తొట్టి ముందు కూర్చుని, "ఏం తక్కువైందే మీకు? సొంతిల్లు, అత్తగారు లేరు," అని చేపలకు నచ్చజెప్పేది. కిషన్ రావు ఫోన్లో చదివి ఇంకో పిడుగు వేశాడు. ఆ జీవి నడుచుకుంటూ పోయి పంపులో పడిందంటే ముక్కలైపోతుందట. ఆ కుళ్లుకు నీళ్లన్నీ విషమై చేపలు కూడా చస్తాయట. అప్పటి నుంచి జయశ్రీకి నిద్ర లేదు. డబ్బు కోసమని మొదలైన కాపలా, పోను పోను దాని కోసమే అయింది. రొయ్య ముక్క అందిస్తే అది మెల్లగా రేకులు ముడిచి పట్టుకునేది. ఆమె చిన్నపిల్లలా మురిసిపోయేది.

ఆదివారం వచ్చింది. జయశ్రీ కిటికీ పరదాలు మూసి, ట్యూబ్‌లైటు ఆపి, నీలి లైటు ఒక్కటే ఉంచింది. పువ్వు ధగధగ మెరుస్తోంది. అంతా బాగుంది గానీ, మనుషులు కూర్చున్నాక చిక్కొచ్చి పడింది. శ్రీనాథ్ తెల్ల చొక్కా వెలిగిపోతోంది, మొహం మాత్రం లేదు. అతని తల్లి ప్రేమ గారు నవ్వితే పళ్లొక్కటే కనపడుతున్నాయి. నవత, ఆమె తల్లి అనసూయమ్మ నీలం బొమ్మల్లా కుదురుగా కూర్చున్నారు. అందరూ చచ్చి స్వర్గానికి పోయి, లోపలి నుంచి పిలుపు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంది.

"ఏంది జయశ్రీ గారు, పిల్ల మొహమే కనపడ్తలేదు. లైటెయ్యుర్రి," అంది ప్రేమ గారు.

"లైటేస్తే పువ్వు ముడుసుకుంటది వదినా. మస్తు రేర్ ఇది."

"మేము పువ్వును చూడనీకి వచ్చినమా?"

జయశ్రీ చాయ్ కప్పులు సర్దుతూ మాట దాటేసింది. లైటు వేస్తే పువ్వు చింతపండు అవుతుంది. అదొక్కటైతే ఫరవాలేదు. నవత ఫోటోలోని నవత కాకుండా పోతుంది. రెండు బండారాలూ ఒక్క స్విచ్చు మీదే ఆధారపడి ఉన్నాయి.

అప్పుడు కిషన్ రావు ఆమె చెవి దగ్గరికి వంగి, "జయా, అది ఊడింది," అన్నాడు.

చూస్తే పువ్వు రాతిని వదిలేసి నీళ్లలో తేలుతోంది. మెల్లమెల్లగా పంపు వైపు కొట్టుకుపోతోంది.

"పంపు ఆపుర్రి!"

"ఆపితే నీలి లైటు గూడ పోతది. రెండిటికి ఒకటే స్విచ్చు."

జయశ్రీ నవత వైపు చూసింది. గది, బోర్డు, ఇరవై ఏళ్ల జయశ్రీ గారు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. తొట్టిలో రేకులు పంపు నోటి దాకా వచ్చాయి. ఇక తట్టుకోలేకపోయింది. లేచి వెళ్లి తన చేత్తోనే స్విచ్చు ఆపేసి, ట్యూబ్‌లైటు వేసింది.

లైటు రెండుసార్లు మినుకుమని వెలిగింది. నవత చామనఛాయగా, బుగ్గ మీద మచ్చతో, తనలాగా కూర్చుని ఉంది. శ్రీనాథ్ తల మీద ముందు భాగమంతా ఖాళీ. ఫోటోలోని గుబురు జుట్టు ఎక్కడా లేదు. ప్రేమ గారు చేతిలోని ఫోను చూసి, నవతను చూసి, మళ్లీ ఫోను చూసింది. అనసూయమ్మ చూపు శ్రీనాథ్ నెత్తి మీదే ఆగిపోయింది.

"లెవ్వు శ్రీనాథ్, పోదాం," అంటూ ప్రేమ గారు లేచింది.

"ఎట్ల రావాలె అమ్మా?" అన్నాడు శ్రీనాథ్.

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుండగా అతను ఒక్కడే పువ్వును చూశాడు. పంపు ఆగినా అది పంపు జాలీకి తగిలేలా ఉందని తొట్టిలో చెయ్యి పెట్టి ఇవతలికి తెచ్చాడు. అది కాస్తా ఆధారం దొరికిందని అతని అరచేతికే అతుక్కుపోయింది.

"గుంజకు బాబూ! చినిగితే అది బతకది. నీళ్లన్ని విషమైతయి. దానంతట అదే వదలాలె," అని కిషన్ రావు అరిచాడు.

అలా పెళ్లికొడుకు తొట్టిలో చెయ్యి పెట్టి నిలబడిపోయాడు. చొక్కా చెయ్యి జారి నీళ్లలో తడుస్తుంటే నవత లేచి వెళ్లి దాన్ని పైకి మడిచింది. అక్కడే స్టూలు మీద కూర్చుంది.

"మంట పెడ్తుందా?"

"జర చురుక్కుమంటుంది. ఫరవాలేదు. మీకు వీణ వచ్చంట గదా?"

"నాకా? మా గల్లీల ఎవ్వరికీ రాదు. మీ రిజల్ట్స్ ఎప్పుడొస్తయి? ఆఫీసర్ అయితున్నరంట."

"ఎప్పుడో వచ్చినయి, పోయింది. అశోక్ నగర్ల ఉన్నన్ని రోజులు పోతనే ఉండె. జుట్టు గూడ ఆడనే పోయింది. ఇప్పుడు సుల్తాన్ బజార్ల బట్టల దుకాణంల లెక్కలు చూస్తున్న."

"నా వయసు ఎంతని చెప్పిన్రు?" అంది నవత.

"ఇరవై తొమ్మిది."

"ముప్పై మూడు."

"నాది?"

"ముప్పై రెండు."

"ముప్పై ఆరు," అన్నాడు శ్రీనాథ్. ఇద్దరూ పకపకా నవ్వారు.

కష్టపడి చేసిన ఇస్త్రీ అంతా కళ్ల ముందే నలిగిపోతుంటే జయశ్రీ కుర్చీలో ముడుచుకుపోయింది. ప్రేమ గారు ఆమె వైపు తిరిగింది.

"ఇగ మీరు చెప్పిన దాంట్ల నిజమేమన్న ఉన్నదా జయశ్రీ గారు? ఆ పువ్వన్న అసలుదేనా?"

జయశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నేళ్ల తర్వాతో ఆ గదిలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "అసలుదే గని గట్ల మెరవది వదినా. ఫోటో చూసి మోసపోయిన. ముప్పై ఎనిమిది వేలు పోసిన."

కిషన్ రావు చేతిలోని చాయ్ కప్పు ఒలికింది.

ప్రేమ గారు తొట్టి వైపు వంగి ఆ ముద్దను చూసింది. తర్వాత ఆపుకోలేక నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మిమ్ములను గూడ ఫోటో జూపి మోసం చేసెటోడు ఉన్నడా ఈ ఊర్ల!" అంటూ మళ్లీ కుర్చీలో కూలబడింది. అనసూయమ్మకు కూడా నవ్వు ఆగలేదు. ఇద్దరు తల్లులూ చల్లారిన చాయ్ అందుకుని, ఎవరి ఫోటో ఎంత మార్చారో ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

కాసేపటికి ప్రేమ గారు అక్కడి నుంచే అడిగింది. "ఇంక ఇడవలేదా అది?"

జయశ్రీ లేచి తొట్టి దగ్గరికి వెళ్లింది. పువ్వు ఎప్పుడో శ్రీనాథ్ చెయ్యి వదిలేసి, పక్కనున్న రాయి ఎక్కి, రేకులు విప్పుకుని కూర్చుని ఉంది. శ్రీనాథ్ చెయ్యి మాత్రం ఇంకా నీళ్లలోనే ఉంది. అతను నవతకు ఏదో చెబుతున్నాడు. నవత ఆ ఖాళీ చేతిని చూస్తూనే వింటోంది.

"ఇంక లేదు వదినా," అంది జయశ్రీ. "జర టైం పట్టెటట్టుంది."