ఒకే గుమ్మం, రెండు దరఖాస్తులు

సబ్బుల కంపెనీ బహుమతుల విభాగంలో ఆమెను అందరూ జల్లెడ అంటారు. ఎదురుగా అనరు గానీ, ఆమెకు తెలుసు. తెలిసినట్టు కనబడదు.

సబ్బు కాగితం లోపలివైపు ఒక నంబరు ఉంటుంది. దాన్ని ఫోనులో పంపితే పాయింట్లు చేరతాయి. పాయింట్లు నిండితే గోడగడియారం దగ్గర్నుంచి బట్టలుతికే మిషను దాకా ఏదో ఒకటి ఇంటికొస్తుంది. పెద్ద బహుమతి మాత్రం ఏడాదికి ఇంటికి ఒక్కటే. ఈ చివరి ముక్క చదవగానే జనానికి ఎక్కడలేని తెలివితేటలూ పుట్టుకొస్తాయి. తలుపు నంబరు పక్కన ఒక అక్షరం తగిలిస్తారు. "మేడ మీద" అని ఒకసారి, "వెనక వాటా" అని ఒకసారి రాస్తారు. ఒకాయన తన కుక్క పేరు మీద సూట్‌కేసు తెప్పించుకున్నాడు.

కంప్యూటరు ఇవన్నీ విప్పి చూస్తుంది. ఒకే ఫోను నుంచి రెండు పేర్లు వచ్చాయా, రకరకాలుగా రాసిన చిరునామాలు చివరికి ఒకే గుమ్మానికి చేరుతున్నాయా, సరుకు దించినవాడు తీసిన ఫొటోల్లో అదే తలుపు తెర మళ్ళీ కనిపిస్తోందా అని. అనుమానమొస్తే ఎర్ర గుర్తు పెట్టి ఊరుకుంటుంది. అక్కణ్ణించి జల్లెడ పని. చెప్పులేసుకుని వెళ్ళి చూసి రావాలి.

ఆమెకు నలభై దాటాయి. పెళ్ళి ఊసెత్తేవాళ్ళు ఎత్తీ ఎత్తీ అలిసిపోయారు. వదినతో కలిసి ఉంటుంది. ఉద్యోగుల ఇళ్ళకు బహుమతులు లేవన్న నిబంధన వల్ల వదినకు ఆమె మీద తీరని కోపం. "నీ పుణ్యమా అని ఈ ఇంటికి నురగ తప్ప ఇంకేమీ రాదు" అంటుంది. అంటూనే ఆ సబ్బే వాడుతుంది.

ఆ రోజు ఎర్ర గుర్తు పడింది ఊరి చివర ఒక రెండంతస్తుల ఇంటికి. కింద నుంచి ఒక దరఖాస్తు, పైనుంచి ఒకటి. రెండూ బట్టలుతికే మిషనుకే. ఫోన్లు వేరు, పేర్లు వేరు. ఇంటిపేరూ మెట్లూ మాత్రం ఒకటే.

కింద తలుపు తీసినాయన గడియారాలు బాగుచేసే పని చేసి, చూపు తగ్గాక దుకాణం మూసేసిన మనిషి. జల్లెడ తానెవరో చెప్పి, పైన ఉండేదెవరని అడిగింది.

"ఒకావిడ" అన్నాడాయన.

"మీకేమవుతారు బాబాయిగారూ?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "భార్య. అది వేరే సంగతి."

జల్లెడ మెట్లెక్కింది. పైన ఉన్నావిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. జల్లెడ "నమస్కారం పిన్నిగారూ" అనగానే ఆవిడ ముఖం ముడుచుకుంది.

"కింద ఆయన్ని ఏమని పిలిచావు?"

"బాబాయిగారని."

"అయితే నన్ను అత్తయ్యా అను. ఆ వరస కలపకు."

గొడవేమిటో ఆవిడే చెప్పింది, ఎవరింట్లోనో జరిగినదాన్ని చెబుతున్నట్టు. ఉద్యోగం వదిలిన రోజు ఆసుపత్రివాళ్ళు ఆవిడకు శాలువా కప్పి సన్మానం చేశారు. ఆయన వెళ్ళలేదు. ఎవరిదో గడియారం విప్పుకుని కూర్చున్నాడు. ఇంటికొచ్చి ఎందుకు రాలేదని అడిగింది. "టైము చూసుకోలేదన్నారు. గడియారాల మనిషి" అంది ఆవిడ. ఆ వారమే మంచం పైకి మార్పించుకుంది. ఇద్దరికీ మాటల్లేక ఏళ్ళయింది.

కంపెనీ లెక్కలో ఇల్లంటే గోడలూ కాదు, పెళ్ళీ కాదు. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళు ఒక ఇల్లు. జల్లెడ పై వంటగది చూసింది. పొయ్యి మీద బంగాళాదుంప కూర ఇంకా వేడిగానే ఉంది. కిందికొచ్చి ఆయన వంటగది చూసింది. పొయ్యి మీద పాత గుడ్డ పరిచి, దాని మీద గడియారాల్లోని చిన్న చిన్న పళ్ళ చక్రాలు ఆరబెట్టి ఉన్నాయి. పక్కన బల్ల మీద గిన్నెలో బంగాళాదుంప కూర.

"ఇదెక్కడిది బాబాయిగారూ?"

"మెట్ల మీద ఉంటుంది. తెచ్చుకుంటాను. తిన్నాక గిన్నె కడిగి మళ్ళీ మెట్ల మీద పెడతాను." ఆగి, గట్టిగా చెప్పాడు. "మాట్లాడుకోం."

జల్లెడ ఆఫీసుకొచ్చి, ఒకే ఇల్లు, ఒకే మిషను అని రాసేసింది.

వారం తిరక్కుండా ఇద్దరూ ఆఫీసుకొచ్చారు. మేనేజరు ముందు రెండు కుర్చీల్లో ఎడంగా కూర్చున్నారు. మధ్యలో ఒక గొడుగు నీళ్ళు కారుతోంది.

"మావి రెండిళ్ళు" అన్నాడాయన.

"అవును" అంది ఆవిడ, గోడకేసి చూస్తూ.

"కలిసే వచ్చినట్టున్నారు?" అన్నాడు మేనేజరు.

"బస్సు ఊరందరిదీ" అన్నాడాయన.

"మరి గొడుగు?"

"గొడుగు ఒక్కటే ఉంది. వాన ఇద్దరి మీదా పడుతోంది" అంది ఆవిడ.

మేనేజరు అభ్యంతరం రాసిమ్మని కాగితం ఇచ్చాడు. ఆయన జేబులు తడుముకున్నాడు. ఆవిడ తల తిప్పకుండానే తన సంచిలోంచి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన పెట్టుకుని రాయడం మొదలెట్టాడు. మేనేజరు జల్లెడ వైపు చూశాడు. జల్లెడ కిటికీ వైపు చూసింది.

బయట వరండాలో జల్లెడ ఆవిణ్ణి పక్కకు పిలిచింది. "ఇద్దరి బట్టలకీ ఒక మిషను చాలు కదత్తయ్యా. రెండెందుకు?"

"ఒకటే వస్తే ఎవరో ఒకరి వాటాలో పెట్టాలి. రెండోవాళ్ళు అడగాలి. అడగడం మానేశాం కదమ్మా."

జల్లెడ ఆ మాట పట్టుకుని తన బల్ల దగ్గర చాలాసేపు కూర్చుంది. ఒక్క వాక్యం మారిస్తే చెరొకటీ వెళతాయి. ఇక ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు, ఎప్పటికీ. ఆ ఎప్పటికీ అన్నది ఆమెకు మింగుడుపడలేదు. రాసింది మార్చలేదు. అభ్యంతరం కొట్టేశారు.

మిషను వెళ్ళిన రోజు సరుకు దించేవాడు ఫోను చేశాడు. "మేడం, కింద పెద్దాయన పైన పెట్టమంటున్నారు. పైన అమ్మగారు కింద పెట్టమంటున్నారు. నేను మెట్ల మధ్యలో ఉన్నాను. మిషను నా నడుం మీద ఉంది."

జల్లెడ వెళ్ళేసరికి అతను మెట్టు మీద మిషను ఆనించి, దానికి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. "మెట్ల కింద ఖాళీ ఉందిగా. అక్కడ పెట్టు" అంది. అది ఎవరి వాటా కిందికీ రాదు. మిషను అక్కడ దిగింది.

"నీళ్ళెక్కణ్ణించి?" అని పెద్దాయన జల్లెడను అడిగాడు.

"నాకేం తెలుసు బాబాయిగారూ. ఇల్లు మీది."

పైనుంచి ఆవిడ గొంతు వినబడింది.

"స్నానాలగది గోడ అవతలే పంపు. అక్కణ్ణించి గొట్టం వేసుకోవచ్చు."

"గొట్టం చాలదు" అన్నాడాయన, మెట్లకేసి చూస్తూ.

"కొలిచారా?"

"లేదు."

"కొలవకుండా చాలదని ఎలా అంటారు?"

"కొలవడానికి టేపు నీ దగ్గరే ఉంది" అన్నాడాయన.

సరుకు దించినవాడు సంతకం అడగబోతే జల్లెడ అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ టేపు పట్టుకుని మెట్లు దిగుతోంది.

కొన్నాళ్ళకు ఆవిడే ఆఫీసుకు ఫోను చేసింది.

"ఆయన చొక్కాలు ఉతకడానికి వేస్తారు, తియ్యరు. తడిబట్టలు సాయంత్రం దాకా లోపలే పడి ఉంటాయి. దీనికి మీ కంపెనీ నిబంధన ఏదైనా ఉందా?"

"లేదత్తయ్యా. ఆయనతో చెప్పారా?"

"రోజూ చెబుతున్నాను."

"ఏమంటారు?"

"నన్నే తీసి ఆరెయ్యమంటారు."

"మరి?"

"ఆరేస్తున్నాను. అందుకే ఫోను చేశాను."

జల్లెడ ఫిర్యాదు రాసుకుంది. నిర్ణయం అన్నచోట, ఇది కంపెనీ పరిధిలోది కాదు అని రాసి, భోజనానికి లేచింది.