ఎక్కడికని అడిగినావిడ

కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం భయపడిన కొత్త సంవత్సరం దాటాక మావారికి సెలవు దొరికింది. పిల్లలిద్దరితో యూరప్‌లో ఓడ ప్రయాణానికి బయల్దేరాం. నడిసముద్రంలో ఒకచోట నిలవని ఈ వయసు పిల్లల్ని ఎలా కాచుకోవాలా అని నా బెంగ.

మేముండే బ్లాక్‌టౌన్‌లో ఎయిర్‌పోర్టుకి రైలెక్కాం. అప్పటికి నాకు చదవడం రాదు. బోర్డులు పిల్లలు చదివేవాళ్లు, మనుషుల ముఖాలు కనిపెట్టడం నా వంతు.

ఎదురు సీట్లో నిలువెల్లా నల్లబట్టలు వేసుకున్న ముసలావిడ మా అమ్మాయినే రెప్పవేయకుండా చూస్తోంది. నేను పిల్లను దగ్గరికి జరుపుకున్నాను.

"ఎక్కడికి?" అంది వచ్చీరాని ఇంగ్లీషులో.

బయల్దేరినవాళ్లని ఎక్కడికని అడిగితే వెళ్లిన పని చెడుతుందని మావాళ్ల నమ్మకం. "చెప్పకే" అన్నాను మెల్లగా. అది వింటేగా!

"గ్రీస్‌కి! షిప్ మీద!" అనేసింది.

"నా దేశం!" అని ఆవిడ ఇంత ముఖం చేసుకుంది. అయినా నాకు నమ్మకం కలగలేదు. దిగబోతూ ఆవిడ పిల్లల వైపు వంగి, "ఫ్తూ, ఫ్తూ, ఫ్తూ" అంది.

"యక్! మమ్, మనమీద ఉమ్మేసింది!" అని మావాడు ఎగిరాడు.

తిట్టడానికే నోరు తెరిచాను. అంతలో మా అమ్మ గుర్తొచ్చింది. ఉప్పూ మిరపకాయలూ మా చుట్టూ తిప్పి, దిష్టి పోవాలని అలాగే మూడుసార్లు ఉమ్మించేది. తల తిప్పి చూసేసరికి తలుపులు మూసుకున్నాయి.

ఓడలో పిల్లలు రోజూ నాకు చిక్కకుండా పై అంతస్తుకి పరిగెత్తేవాళ్లు. వెనకనుంచి నేను మెల్లగా మూడుసార్లు అనేదాన్ని. మా అమ్మలా థూ అని కాదు, ఫ్తూ అని.