స్కానింగుకు ముందురోజు శంషాబాద్‌లో నా ఆకలి

2012 వానాకాలంలో నేను చెన్నై వెళ్లింది ఊరు చూడటానికి కాదు. మా అన్న యాదగిరికి కాలేయం పాడైపోయింది. మందు ముట్టిన మనిషి కాదు. ఎప్పుడో ఒంట్లో చేరిన వైరస్ లోలోపల తన పని తాను చేసుకుపోయింది. దగ్గరివాళ్లెవరైనా తమ కాలేయంలో కొంత భాగం ఇస్తే బతికే అవకాశం ఉందని చెన్నైలో ఒక ఆసుపత్రివాళ్లు చెప్పారు. ఇంట్లో రక్తం గ్రూపు కలిసింది నాకొక్కదానికే. తీరా పరీక్ష చేస్తే నా కాలేయంలోనూ కొవ్వు పేరుకుని ఉంది. "ఆరు వారాలు పథ్యం చేసి రండి. మళ్లీ స్కాన్ చేసి, అప్పుడు చెబుతాం" అని డాక్టరు నన్ను తిప్పి పంపారు. అన్న, వదిన అక్కడే ఉండిపోయారు. అన్నకు అంత సమయం ఉందో లేదో మాత్రం డాక్టరు చెప్పలేదు. నేనూ అడగలేకపోయాను.

అప్పటికి నా బరువు డెబ్భై రెండు కిలోలు. ఉద్యోగం కాటేదాన్‌లో ఒక చిన్న బిస్కెట్ల ఫ్యాక్టరీలో. పొయ్యిలోంచి వచ్చిన ప్రతి వాయినుంచి ఒక బిస్కెట్టు విరిచి రుచి చూడటం నా పనిలో భాగం. పథ్యం మొదలుపెట్టిన రోజే ఆ పని తోటి ఆమెకు అప్పగించి, నేను ప్యాకింగ్‌కు మారాను. ఆసుపత్రిలో పథ్యం రాసిచ్చిన కమల మేడమ్ నెల్లూరు మనిషి. ఆమె ఒక మాట చెప్పారు: నోరు అడిగే ఆకలి వేరు, ఒళ్లు అడిగే ఆకలి వేరు. గ్లాసు మజ్జిగ తాగి పావుగంట అటూ ఇటూ నడిస్తే నోటి ఆకలి సర్దుకుంటుంది. ఒంటి ఆకలి సర్దుకోదు, దానికి తిండి పెట్టాల్సిందే. కూర ముందు, రొట్టె తర్వాత తినేదాన్ని. సాయంత్రం నాలుగింటికి ఒక ఉడికించిన గుడ్డు. అలా అయిదు వారాల్లో నాలుగు కిలోలు తగ్గాను.

అయిదో వారం చివర్లో తూకం ముల్లు కదలడం మానేసింది. మూడు రోజులు వరుసగా అదే అంకె. నాకు భయం పట్టుకుంది. ఎవరికీ చెప్పకుండా రాత్రి భోజనం మానేశాను. రెండు రోజులయ్యాక పొద్దుటి తిండి, చివరికి మధ్యాహ్నానిది కూడా. మా ఆయన అడిగితే ఫ్యాక్టరీలో తింటానన్నాను, ఫ్యాక్టరీలో అడిగితే ఇంట్లో తిన్నానన్నాను. ప్రయాణం నాటికి ముల్లు కిలోన్నర దిగింది. సంతోషించాల్సింది పోయి, నిద్రలో కూడా దవడలు బిగపట్టి, ఉలిక్కిపడి లేచేదాన్ని.

విమానం మధ్యాహ్నం ఒకటిన్నరకు. మా ఇల్లు బాలాపూర్‌లో. పదింటికల్లా మాకు తెలిసిన డ్రైవరు నర్సింహ అన్న కారు తెచ్చాడు. ఆయనది మంఖాల్ ఊరు, పొలం పనులు లేని రోజుల్లో కారు నడుపుతాడు. ఎయిర్‌పోర్టుకు నాలుగు వందలు మాట్లాడుకున్నాం. పహాడీషరీఫ్ మీదుగా వెళితే దగ్గరే కానీ, ఫ్యాక్టరీలో సెలవు కాగితం ఇవ్వాల్సి ఉండి చాంద్రాయణగుట్ట, కాటేదాన్, ఆరాంఘర్ దారిలో వెళ్లాం. కాటేదాన్‌లో కారు అద్దం దించగానే వేడి బిస్కెట్ల వాసన. ఎన్నో ఏళ్లుగా పట్టించుకోని ఆ వాసనకు ఆ రోజు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆరాంఘర్ దాటాక ఫోన్‌కు సందేశం వచ్చింది. విమానం నాలుగు గంటలు ఆలస్యం.

"ఇగ ఇప్పుడే లోపలికి పోయి ఏం జేస్తవక్కా? లోపల చాయ్ గూడ పిరమే. శంషాబాద్‌ల మాకు తెల్సిన హోటల్ ఉన్నది, జొన్నరొట్టెలు జేస్తరు. తిని పోదాం" అన్నాడు నర్సింహ అన్న.

"నువ్వు తిను అన్నా. నాకు ఆకలైతలేదు" అన్నాను. అబద్ధం చెప్పడం అప్పటికి బాగా అలవాటైపోయింది.

ఎయిర్‌పోర్టు మలుపు దాటి బెంగళూరు రోడ్డు మీదే కొంచెం ముందుకు వెళితే శంషాబాద్ ఊరు. ఆ హోటల్ అంటే ఒక రేకుల షెడ్డు, నాలుగు బల్లలు. పొయ్యి దగ్గర లక్ష్మమ్మ అనే పెద్దావిడ చేత్తో రొట్టెలు తడుతోంది. నర్సింహ అన్న తింటుంటే ఎదురుగా నీళ్ల సీసా పట్టుకుని కూర్చున్నాను. పెనం మీద రొట్టె కాలే వాసన, పప్పులో తాలింపు చిటపటలు. ఈ ఒక్క రోజు ఓర్చుకుంటే చాలు, రేపు ఎనిమిదింటికి స్కానింగ్ అనుకుంటూ ఉన్నాను. వేళ్లు వణుకుతున్నాయి. మొహం కడుక్కుందామని లేచాను. నాలుగడుగులు వేశానో లేదో షెడ్డు పక్కకు ఒరిగినట్టయింది. తర్వాత తెలిసేసరికి నేలమీద ఉన్నాను. మొహం మీద చల్లటి నీళ్లు, నా తల లక్ష్మమ్మ ఒళ్లో.

"ఏంది బిడ్డా, గిట్ల సల్లవడ్డయ్ చేతులు? పొద్దున ఏం తిన్నవ్?"

నేను లేచి కూర్చోబోయాను.

"నిన్న?"

"పగటీలి ఇంత మజ్జిగ తాగిన" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. చక్కెర కలిపిన నిమ్మరసం గ్లాసు తెచ్చి పెదాలకు ఆనించింది. నేను తల తిప్పేసుకున్నాను. ఆరు వారాలుగా చక్కెర ముట్టలేదు. ఈ గ్లాసుతో అంతా పోతుందనిపించింది. ఏడుపొచ్చింది. అన్న సంగతి, కాలేయం సంగతి, రేపటి స్కానింగ్ సంగతి అన్నీ వాళ్లిద్దరికీ చెప్పేశాను. నర్సింహ అన్న చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, ముందు గా నిమ్మరసం తాగు. తాగి ఆ దవాఖాన మేడమ్‌కు ఫోన్ చెయ్."

"చెప్తే నన్ను వద్దంటరేమో అన్నా. నేను తప్ప ఇంకొకలు లేరు."

"చెప్పకుంట పోయి, గా ఆపరేషన్ బల్ల మీద గిట్లనే అయితే? అప్పుడు మీ అన్న ఏమైతడు, నువ్వేమైతవ్?"

నిమ్మరసం తాగాను. పావుగంటకు వణుకు తగ్గింది. నంబరు నొక్కడానికి ఇంకో పావుగంట పట్టింది. కమల మేడమ్ అంతా విన్నారు.

"సుజాత గారూ, ఎన్ని రోజుల నుంచి ఇలా?"

"ఆరు రోజులు మేడమ్."

"ఇలా కడుపు మాడ్చుకుంటే కొవ్వు ఒక్కటే పోదండీ, కండ పోతుంది. ఒక్కోసారి కాలేయానికే చెరుపు. మేం బలంగా ఉన్న మనిషి దగ్గరే తీసుకుంటాం. ఇది మీ ఫైల్లో రాయాలి, డాక్టరు గారికి చెప్పాలి. దాచలేను."

"నన్ను తీసేస్తరా?"

"తెలియదమ్మా. ముందు మీరు భోజనం చేయండి. ఒకేసారి ఎక్కువ వద్దు, నెమ్మదిగా. మళ్లీ కళ్లు తిరిగితే విమానం ఎక్కొద్దు, దగ్గర్లో డాక్టరుకు చూపించుకోండి."

లక్ష్మమ్మ ఒక రొట్టె, పలచటి పప్పు, నూనె తక్కువేసి వండిన బీరకాయ కూర పెట్టింది. నా పక్కనే పీట వేసుకుని కూర్చుంది. "జర మెల్లగ తిను. నిన్నెవరు తరుముతలేరు" అంది. మొదటి ముద్ద గొంతు దిగుతుంటే నా చేతులతో నేనే అన్నకు ద్రోహం చేస్తున్నట్టనిపించింది. రొట్టె ముగించడానికి అరగంట పట్టింది. ఇద్దరి భోజనానికి డెబ్భై రూపాయలు తీసుకుంది. ఇంకో రెండు రొట్టెలు, ఒక ఉడికించిన గుడ్డు కాగితంలో చుట్టి సంచిలో పెట్టి, వాటికి మాత్రం పైసలు వద్దంది. ఒళ్లు కుదుటపడిందని నమ్మకం కుదిరేదాకా వాళ్లిద్దరూ నన్ను లేవనివ్వలేదు.

మూడింటికి నర్సింహ అన్న ఎయిర్‌పోర్టులో దింపాడు. తనిఖీవాళ్లు రొట్టెల పొట్లం చూసి వదిలేశారు. లోపల కూర్చున్నాక ఆలస్యం ఇంకో గంట పెరిగింది. అయిదింటికి మళ్లీ ఆకలి వేసింది. పక్క దుకాణంలో సమోసాలు వేడివేడిగా వస్తున్నాయి. లేచి పావుగంట నడిచాను. ఆకలి పోలేదు. ఒంటిదే. అయినా పొట్లం విప్పడానికి చెయ్యి రాలేదు. రేపు స్కానింగ్‌లో ఈ రొట్టె కనబడుతుందేమోనన్నంత పిచ్చి భయం. చివరికి కిటికీ వైపు తిరిగి కూర్చుని గుడ్డు, ఒక రొట్టె తిన్నాను.

చెన్నైలో దిగేసరికి ఎనిమిది దాటింది. మర్నాడు పరగడుపున స్కాన్ చేశారు. డాక్టరు ఫైలు చదివి, కళ్లద్దాల పైనుంచి నన్ను చూశారు. కొవ్వు తగ్గింది కానీ చాలినంత కాదన్నారు. రెండు వారాలు అక్కడే ఉండి, మేడమ్ కళ్లెదుట తిని, మళ్లీ రమ్మన్నారు. బయట మా వదిన నిలబడి ఉంది. ఆమెకు ఈ మాట చెప్పడం కంటే కష్టమైన పని నా జీవితంలో ఇంకోటి లేదు. ఆమె నా ముందే కుర్చీలో కూలబడిపోయింది.

ఆ పదిహేను రోజులూ ఒక్క పూట మానలేదు. ప్రతి ముద్దా భయంతోనే తిన్నాను. వార్డులో అన్న కళ్లు ఇంకా పచ్చబడుతుంటే, నేను కింద క్యాంటీన్‌లో కీరదోస ముక్కలు నములుతూ గడియారం చూసుకునేదాన్ని. మూడో స్కాన్ చూశాక డాక్టర్లు ఒప్పుకున్నారు. ఆపరేషన్ జరిగింది. ఇద్దరం బయటపడ్డాం. ఇప్పటికీ ఆయన రోజూ మందులు వేసుకుంటాడు, నేను ఏటా పరీక్షకు వెళతాను. కడుపు మాడ్చుకున్న ఆ ఆరు రోజులు ఆయన ఆయుష్షులో ఎన్ని రోజులు తిన్నాయో అని ఒకసారి అన్న దగ్గరే అనేశాను. "నీ పాణం ఆడ శంషాబాద్‌ల పోయి ఉంటె, నేను ఈడ బతికి ఏం జేస్తుంటి చెల్లె?" అన్నాడు. అప్పటిదాకా ఆ లెక్కలో నన్ను నేను వేసుకోనేలేదు.

పథ్యంలో ఉండి విమానం ఎక్కేవాళ్లకు ఒక్క మాట: మీ చీటీలో ఉన్న తిండే, ప్రయాణానికి సరిపడేది కాక ఇంకో పూటకు కూడా కట్టుకుని చేతిసంచిలో పెట్టుకోండి. విమానం ఆలస్యమైతే దాన్ని ఇంటికి తిరిగి తీసుకెళ్లాలని చూడకండి, తినేయండి.