వెనుక తలుపు

మా బాన్సువాడ దవాఖాన ఎలా పెరిగిందో చెప్పమంటే పెద్దమనుషులు శిలాఫలకాలు చూపిస్తారు. వాటి మీద పేర్లున్నవాళ్ల ఇళ్లలో ఒక్క ఆడమనిషైనా అక్కడ పురుడు పోసుకుందా? నన్నడిగితే నేను వెనుక తలుపు చూపిస్తాను. ఆ తలుపు దగ్గర వయసంతా గడిపిన ఆయా హేమ్లిని చూపిస్తాను.

హేమ్లిది నస్రుల్లాబాద్ వైపు తండా. ఆమె పనిలో చేరినప్పుడు దవాఖాన అంటే రేకుల కప్పు కింద రెండు గదులు. డాక్టరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. తండా ఆడవాళ్లకు ముందు గేటంటే భయం. అక్కడ కుర్చీలో కూర్చున్న మనిషి పేరడిగేవాడు, ఊరడిగేవాడు, వీళ్ల తెలుగు విని నవ్వేవాడు. నొప్పులు పడుతున్న మనిషికి ఆ నవ్వు భరించే ఓపిక ఎక్కడిది? చాలామంది ఇంట్లోనే కనేవారు. కొందరు ఇంట్లోనే పోయారు. హేమ్లి సొంత వదిన అలాగే పోయింది.

ఆ తర్వాతే హేమ్లి వంటగది పక్కనున్న వెనుక తలుపు తాళంచెవి అడిగి తీసుకుని బొడ్లో దోపుకుంది. సెలవు దొరికినప్పుడల్లా తండాలు తిరిగి ఒకటే మాట చెప్పింది.

"ముందల గేటుకు పోకుండ్రి. ఎనుక తలుపు కాడికి రాండ్రి. తాళమేసున్నా ఆడనే కూసోండ్రి. నేనొచ్చి తీస్త."

ఆ మాట మీద నమ్మకంతో జనం రావడం మొదలైంది. జనం వచ్చాక దవాఖాన పెరగక తప్పలేదు. రేకులు పోయి స్లాబు పడింది, దాని మీద అంతస్తు లేచింది, ఆపరేషన్ గది వచ్చింది, పసికందులను వెచ్చగా ఉంచే పెట్టెలు వచ్చాయి. మద్నూర్ నుంచి మరాఠీ మాట్లాడేవాళ్లు కూడా వచ్చి మంచాలు చాలడం లేదని గొడవపడేవారు. ఇంత పెరిగినా వెనుక తలుపు మాత్రం కదల్లేదు. దాని ముందు మెట్టు మీద హేమ్లీ కదల్లేదు.

మొన్న చలికాలం మొదట్లో కాన్పుల వార్డును రోడ్డవతల కట్టిన భవనంలోకి మార్చారు. అద్దాల తలుపులు, లిఫ్టు, ముఖం కనబడే బండలు. హేమ్లి సంబరంగానే వెళ్లింది. కొత్త బిల్డింగులోకి మారామని చెల్లెలు భీమ్లికి ఫోన్ చేసి గొప్పలు పోయింది కూడా. భీమ్లి కూతురు లాలికి అప్పుడు నెలలు నిండుతున్నాయి. తొలిచూలు బిడ్డ దక్కలేదు, దవాఖానకు ఆలస్యంగా తెచ్చారు. ఈసారి ఆపరేషన్ తప్పదని, ముందే చేర్చుకుంటామని డాక్టర్ ప్రేమలత వార్డు మారకముందే తేదీ ఇచ్చింది. నొప్పులు ఆ తేదీ దాకా ఆగలేదు.

ఆ పొద్దున భీమ్లి ఫోన్ చేసి ఆటోలో బయల్దేరామంది. ఆ తర్వాత ఫోన్ కలవలేదు. హేమ్లి అద్దాల తలుపు దగ్గర నిలబడింది. లోపల అంతా సిద్ధంగా ఉంది, నర్సు రవళి మాటిమాటికీ వచ్చి అడిగి పోతోంది. రావలసిన వేళ దాటిపోయింది. ఆటో చెడిపోయిందా? రోడ్డు మీద వడ్లు ఆరబోసి దారి మూసేశారా? లాలికి దారిలోనే ఏమైనా అయిందా?

గుబులు పుట్టినప్పుడు బొడ్లో తాళంచెవి తడుముకోవడం ఆమె అలవాటు. చెయ్యి దానంతటదే పోయింది. తిరిగివ్వడం మరిచిపోయిన పాత తలుపు చెవి వేళ్లకు తగలగానే చెయ్యి అక్కడే ఆగింది. చెల్లెలికి బిల్డింగు కొత్తదని చెప్పింది గానీ రోడ్డవతల అని చెప్పలేదు. తండావాళ్లకు దవాఖాన కొత్తగా కట్టడం వింతేం కాదు. ఎన్నిసార్లు కట్టినా తలుపు అదే కదా.

వస్తున్న లారీనైనా చూడకుండా రోడ్డు దాటి పరుగెత్తింది.

పాత మెట్టు మీద దుప్పటి పరిచి, తల్లి ఒళ్లో తల పెట్టుకుని లాలి పడి ఉంది. పెదవులు తెల్లబడ్డాయి. ఆటో తెచ్చిన రూప్లా, ముందు వైపు వెళ్లి అడుగుదామంటే భీమ్లి వినడం లేదని మొత్తుకున్నాడు. భీమ్లికి మాత్రం కోపం లేదు. అక్కను చూడగానే ఆమె ముఖం తేటపడింది. హేమ్లి తట్టుకోలేకపోయింది ఆ ముఖాన్నే.

"నువ్వే గదా అక్కా కూసోమంటివి. ఎట్లనన్న వస్తవని కూసున్నం."

లాలిని మళ్లీ ఆటోలో వేసుకుని రోడ్డు దాటించారు. ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాక అక్కాచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చివరికి రవళి బయటికి వచ్చి చెప్పింది. ఆడపిల్ల. ఏడవడానికి ఆలస్యం చేసింది, పెట్టెలో ఉంచారు. లాలికి రక్తం ఎక్కిస్తున్నారు. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరమ్మ అందట.

నువ్వు లేకపోతే ఏమయ్యేదో అంటూ భీమ్లి అక్క చేతులు పట్టుకుంది. హేమ్లి విడిపించుకుంది. ఆమెకు సంతోషం రాలేదు, భయం వేసింది. తను తిరిగిన తండాలన్నీ కళ్ల ముందుకు వచ్చాయి. తల్లులు కూతుళ్లకు, కూతుళ్లు కోడళ్లకు చెప్పుకున్న మాట అది. దాన్ని ఇప్పుడు ఎవరెవరి దగ్గర నుంచి వెనక్కి తీసుకోవాలి?

పాత తలుపుకు బోర్డు కట్టిస్తామని రవళి ధైర్యం చెప్పింది.

"బోర్డు సదివేటోళ్లయితే ముందల గేటుకే పోదురు గద బిడ్డా," అంది హేమ్లి.

ఇప్పుడు బోర్డూ ఉంది, హేమ్లీ ఉంది. సెలవు రోజుల్లో తండాలు తిరిగి కొత్త దారి చెబుతోంది. డ్యూటీ లేని పూట పాత మెట్టు మీదే కూర్చుని బువ్వ తింటుంది. సందులో ఆటో చప్పుడైతే ముద్ద నోటి దాకా వెళ్లి ఆగుతుంది. ఆటో ముందుకు పోతే తింటుంది. ఇంటికి పోయి పడుకోరాదా అని నేనే ఒకసారి కసిరాను. తను లేని వేళ ఎవరైనా వచ్చి, హేమ్లి వస్తుందిలే అని నిమ్మళంగా కూర్చుంటే ఎట్లా అని అడిగింది.