దోముహానీలో రెండో గొంతు

రైలింజన్‌లో ఒక పద్ధతి ఉంది. సిగ్నల్ కనబడగానే డ్రైవరు దాని రంగు గట్టిగా చెబుతాడు. పక్కనున్న అసిస్టెంటు తన కళ్లతో చూసి అదే మాట తిరిగి పలుకుతాడు. చూడకుండా పలకడం తప్పు. జీవితంలో సగం రైళ్లలో నిద్రపోయిన నాకు, ముందు ఇద్దరు ఇలా మాట్లాడుకుంటూ ఉంటారని డెబ్బై దాటాక గాని తెలియలేదు. చెప్పినవాడు టాటానగర్ వరహాలు.

ఆయన ఎక్కువ కాలం పోలరాజు అనే డ్రైవరు దగ్గర అసిస్టెంటు. రిటైరయ్యాక ఇద్దరూ చలికాలమంతా తెల్లారేసరికి దోముహానీ చేరేవారు, ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలిసే చోటికి, పిట్టల్ని చూడటానికి. మూడేళ్ల కిందట మంచు పట్టిన ఒక ఉదయం పోలరాజు "గల్, నల్ల తల, ఎడమ" అని పలికాడు. సముద్రం మీద తిరిగే పెద్ద పిట్ట అది. చిలికా సరస్సులో నేనూ చూశాను గాని, ఇంత లోపలికి రావడం అరుదు. వరహాలు తిరిగి చూసేసరికి మంచే మిగిలింది. ఆయన మారు పలకలేదు.

"ఏటిరా, గొంతు పోనాదా?" అన్నాడట పోలరాజు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ వానాకాలంలోనే పోయాడు.

ఊరి పిట్టల జాబితా రాసేది బారిడీహ్ అమ్మాయి బిందుప్రియ. ఫొటో లేనప్పుడు రెండో సాక్షి ఉండాలంటుంది. ఆ పిట్ట మళ్లీ కనబడితే పోలరాజు మాట నిలుస్తుందని వరహాలు రోజూ వస్తాడు.

మొన్న జనవరిలో నేనూ వెళ్లాను. థర్మాస్‌లో టీ అయిపోవచ్చింది. బిందుప్రియకు జాలేసినట్టుంది.

"అంకుల్, మీరూ చూశానని ఒక్క మాట అనండి. మై లిఖ్ దూంగీ, రాసేస్తాను. ఆయన పేరు ఉండిపోతుంది."

వరహాలు తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి, వెనక ఎవరో పిలిచినట్టు నిటారుగా నిలబడి, గట్టిగా పలికాడు.

"గల్, నల్ల తల, ఎడమ."

మేమిద్దరం ఎడమకు తిరిగాం. ఖాళీ నీళ్లు. ఆదిత్యపూర్ వైపు పొగ.

"దిఖా, అంకుల్?" బిందుప్రియ పెన్ను తీసింది.

"నేదమ్మా. నాకేటీ కనపడనేదు. మా పోలరాజు పలికాడు. మూడేళ్లయి రోజూ పలుకుతన్నాడు. నాను తిరిగి సెప్తే నెమ్మదించి ఎల్లిపోతాడనుకున్నాను."

ఆమె పెన్ను మూసేసింది.

తిరిగొచ్చేటప్పుడు గట్టు మీద ఆయన కుడి వారనే నడిచాడు. ఇంజన్‌లో డ్రైవరు కూర్చునేది ఎడమ పక్క. అటు ఖాళీగా ఉంది కదా అని నేను అడుగు వేయబోతే, చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.